అన్నదమ్ముల వాంగ్మూలం

దబ్బనానికి దారం ఎక్కించేటప్పుడు హవల్దారుతో ఎవరూ మాట్లాడకూడదు. ఆ దుకాణంలో అది గోడమీద రాయని చట్టం. మాట్లాడితే ఏమవుతుందంటే, ఏమీ కాదు. ఆయన తలెత్తి ఒక్క చూపు చూస్తాడు, అంతే. ఆ చూపుకి, లోడు ఆలస్యమవుతోందని అరుచుకుంటూ వచ్చిన లారీ డ్రైవర్లు కూడా సగం అరుపు మింగేసి బల్ల చివర బుద్ధిగా కూర్చుంటారు. సైన్యంలో ఉన్నంతకాలం ఆయన పని గుడారాలు కుట్టడం. బయటికొచ్చాక లారీల మీద కప్పే టార్పాలిన్లు కుట్టడం. గుడ్డ మారింది గానీ కూర్చునే తీరు మారలేదు. కుడి అరచేతికి తోలుపట్టా, మోకాలి పక్కన మైనం ముద్ద, పెదాల మధ్య దారం కొస. వెనకటి జవాన్లు ఆయన్ని చాటుగా దబ్బనం అని పిలిచేవాళ్ళు. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడు గుచ్చుకుంటాడో తెలియకుండా ఉండేవాడు మరి.

ఆ మధ్యాహ్నం చట్టాన్ని సొంత కూతురే మీరింది.

"నాన్నా, మేడమ్ గారొచ్చారు. అమ్మ కేసు విషయం."

మైనం పట్టించిన దారం బెజ్జం పక్కనుంచి జారిపోయింది. హవల్దారు తలెత్తాడు గానీ, చూడాల్సిన చూపు చూడటం మర్చిపోయాడు.

కూతురు ఆసుపత్రి రిసెప్షన్‌లో పనిచేస్తుంది. పట్టపగలు పని మానుకుని దుకాణానికి రావడమే వింత. ఆమె వెనక, మామూలు బట్టల్లో ఒక నడివయసు ఆఫీసరమ్మ. నేలంతా పరిచిన టార్పాలిన్ మీద కాలు పెట్టకుండా, గోడవారగా అంచు చుట్టూ నడిచి వచ్చింది. ఎదుటివాడి పనిని తొక్కని మనిషి. అలాంటివాళ్ళంటే ఆయనకు గౌరవం. ఆ క్షణాన మాత్రం భయం వేసింది.

"మీ అమ్మాయి అర్జీ పెట్టింది. మేం కేసు మళ్ళీ తెరిచాం" అంది ఆవిడ, కూర్చోమనకుండానే బల్ల మీద కూర్చుని. "చనిపోయినప్పుడు మీ ఆవిడ గోళ్ళ కింద ఏదో దొరికింది. అప్పటివాళ్ళు దాన్ని పొట్లం కట్టి, సీలు వేసి దాచారు. పాపం, వాళ్ళు చెయ్యగలిగింది అంతే. ఇప్పుడు డీఎన్‌ఏ పరీక్ష ఉంది కదా. అది ఒక మగమనిషిది. ఎవరిదో తేల్చాలి."

"ఇన్నేళ్ళకి అందులో ఏం మిగులుతుందండీ?"

"మిగిలింది. ఆరబెట్టి దాచారు కాబట్టి చెడిపోలేదు. ముందు ఇంట్లోవాళ్ళతో పోల్చి చూడాలి. మీదీ, మీ తమ్ముడిదీ. ఎల్లుండి మా ఆఫీసుకి రండి. నోట్లో దూదిపుల్ల ఒకసారి తిప్పుతారు, నొప్పేం ఉండదు."

"తమ్ముడిదెందుకు?"

అడిగాక నాలుక కరుచుకున్నాడు. ఆవిడ మాత్రం మామూలుగానే జవాబిచ్చింది.

"మీ యూనిట్లోనే లారీ డ్రైవరు, రోజూ మీ ఇంట్లో భోంచేసేవాడు కదా. అందుకని. ఆ మధ్యాహ్నమంతా మీ ఇద్దరూ కలిసే ఉన్నామని వాంగ్మూలం ఇచ్చారు. బండ్ల షెడ్డులో. మీరు ఆయన లారీ మీది గుడ్డ హుడ్డు కుడుతున్నారు. అంతేనా?"

"అంతే" అన్నాడు హవల్దారు.

పాతికేళ్ళు మూలన పడి ఉన్నా ఆ అబద్ధం తుప్పు పట్టలేదు. నాలుక మీదికి నున్నగా వచ్చింది. కూతురు తండ్రి భుజం మీద చెయ్యి వేసింది. "భయపడకు నాన్నా. ఇన్నాళ్ళకైనా తేలనీ. నాకు అమ్మ మొహం గుర్తులేదు, కనీసం చంపినవాడి మొహమైనా తెలియాలి కదా" అంది. ఆ చెయ్యి ఎంత బరువో ఆమెకు తెలియదు.

వాళ్ళు వెళ్ళాక ఆయన మూల కన్నాలకు ఇత్తడి రింగులు బిగించడం మొదలెట్టాడు. సుత్తిదెబ్బ రింగు మీద కాకుండా పక్కన పడింది. మరొకటి వంకరపోయింది. చివరికి సుత్తి కింద పెట్టేశాడు.

షెడ్డూ లేదు, హుడ్డూ లేదు. ఆ మధ్యాహ్నం ఆయన గుడారాల గోడౌన్‌లో ఒంటరిగా ఉన్నాడు. బదిలీ ఆర్డరు వచ్చింది. క్వార్టరు ఖాళీ చెయ్యాలి. ఇంటి సామానంతా ఇనప పెట్టెల్లోకి వెళ్ళిపోయింది. వంటింట్లో బయట మిగిలినవి ఒక గిన్నె, రెండు గ్లాసులు. ఒకటి ఆవిడది, చిన్నది. రెండోది చెంబంత గ్లాసు, తమ్ముడిది. దాన్ని ఇంకెవరూ ముట్టేవాళ్ళు కాదు. "నీకు టీ పొయ్యడం కంటే బకెట్టు పెట్టడం నయం మరిదీ" అని ఆవిడ ఏడిపించేది. ముందురోజే వదినా మరుదులు పెళ్ళిసంబంధం విషయంలో మాటామాటా అనుకున్నారు. తమ్ముడు అన్నం పళ్ళెం ముందునుంచి లేచిపోయాడు.

పొద్దుగూకే వేళకి ఆయన ఇంటికొచ్చేసరికి పిల్ల పక్కింట్లో ఆడుకుంటోంది, ఆవిడ వంటింట్లో నేలమీద ఉంది. మెడ మీద కమిలిన వేళ్ళ గుర్తులు. చెయ్యి పట్టుకు చూశాడు. చల్లబడిపోయింది. గట్టుమీద రెండు గ్లాసులూ ఉన్నాయి, అడుగున టీ మరకతో.

కేకేసి జనాన్ని పిలవాల్సిన మనిషి ముందు ఆ గ్లాసులు కడిగాడు. రేపు తనిఖీ అంటే ఇవాళ రాత్రికే ప్రతి వస్తువూ ఎక్కడుండాలో అక్కడ పెట్టడం మరిగిన చేతులవి. కడిగి, తుడిచి, బోర్లించి, అప్పుడు అరిచాడు.

అప్పటికింకా తమ్ముడి మీద అనుమానమే. మర్నాడు విచారణలో పెద్ద ఆఫీసరు "మధ్యాహ్నమంతా మీ ఇద్దరూ షెడ్డులోనే ఉన్నారని మీ తమ్ముడు చెప్పాడు, నిజమేనా?" అని అడిగినప్పుడు అనుమానం కాస్తా గట్టిపడిపోయింది. చెయ్యనివాడికి ఆ అబద్ధంతో పనేముంది? హవల్దారు "నిజమే సార్" అన్నాడు. భార్య ఎలాగూ పోయింది, తోడబుట్టినవాణ్ణి కూడా ఉరికి పంపలేకపోయాడు. అంతకుమించి ఆయన ఆలోచించలేదు. ఆ తర్వాత తమ్ముణ్ణి గడప తొక్కనివ్వలేదు. "బాబాయి ఎందుకు రాడు?" అని పిల్ల అడిగితే, "వాడు మంచివాడు కాదు" అని ఊరుకునేవాడు. ఆ పిల్ల అప్పట్లో బాబాయి ఒళ్ళో కూర్చుని స్టీరింగు పట్టుకుంటే గానీ అన్నం తినేది కాదు.

మర్నాడు పొద్దున్నే హవల్దారు తమ్ముడు పనిచేసే బళ్ళ షెడ్డు వెతుక్కుంటూ వెళ్ళాడు. తమ్ముడు కూడా సైన్యం నుంచి వచ్చేశాక స్కూలు బస్సు నడుపుతున్నాడని ఎవరో చెప్పగా విన్నాడే గానీ, ఎప్పుడూ అటు వెళ్ళలేదు. పసుపు బస్సుల వరసలో ఒకదాని ముందు, బానెట్ ఎత్తి, పొట్ట బంపరుకి ఆనించి, ఆయిల్ కొలిచే పుల్ల బయటికి లాగి గుడ్డతో తుడుస్తున్నాడు తమ్ముడు. జుట్టంతా నెరిసిపోయింది. పెళ్ళి చేసుకోలేదు. వదిన చూసిన సంబంధం వద్దన్నాక ఇంకే సంబంధమూ చూసుకోలేదు.

అన్నని చూసి పుల్ల గాల్లోనే ఉంచి నిలబడిపోయాడు.

"అమ్మలుకి ఏమైనా అయిందా?" అన్నాడు మొట్టమొదట.

"దానికేం కాలేదు. బానే ఉంది."

"మరి? నువ్వొచ్చావంటే..."

"కేసు తిరగదోడుతున్నారు" అన్నాడు హవల్దారు గొంతు తగ్గించి. "మీ వదిన గోళ్ళ కింద ఏదో దొరికిందట అప్పుడు. ఇప్పుడు దాన్ని డీఎన్‌ఏకి పెడతారట. రేపు మనిద్దర్నీ రమ్మన్నారు. నీక్కూడా కబురొస్తుంది."

తమ్ముడు పుల్లని మళ్ళీ ఇంజన్లో దించాడు. బయటికి లాగాడు. తుడిచింది సరిగ్గా లేనట్టు మళ్ళీ తుడిచాడు. అన్న వంక చూడలేదు.

"అది... పట్టిస్తుందా అన్నయ్యా? ఇన్నేళ్ళ తర్వాత కూడా?"

"పట్టిస్తుందనే చెప్పింది ఆవిడ."

"తప్పించుకునే దారి లేదా?"

హవల్దారు చుట్టూ ఎవరైనా విన్నారేమోనని చూశాడు. పాతికేళ్ళుగా తెలిసిన సంగతే. అయినా వాడి నోటినుంచి వినడం వేరు.

"అందుకే వచ్చాన్రా. నువ్వు ఎక్కడికైనా పో. నాలుగు నెలలు కనబడకు. ఇక్కడ నేను ఏదో చెప్పుకుంటాను."

"నేను పోతే నీకు కలిసొచ్చేదేముంది? నిన్ను వదిలేస్తారా?"

"నా సంగతి వదిలెయ్."

"వదిలెయ్యడానికేనా ఇన్నేళ్ళూ..." తమ్ముడు మాట మింగేశాడు. బానెట్ దించి, రెండు చేతులతో నొక్కి మూశాడు. "చూడన్నయ్యా. నేను మాట మార్చను. ఆ రోజు మనం షెడ్డులో ఉన్నాం. నువ్వు హుడ్డు కుట్టావు. నేను దారం అందించాను. తల తీసేసినా ఇదే మాట. సరేనా?"

"సరే" అన్నాడు హవల్దారు. ఇంత జరిగాక కూడా వీడు ఇంకా దాన్నే పట్టుకుని వేళ్ళాడుతున్నాడని జాలీ, అసహ్యమూ ఒకేసారి కలిగాయి.

పిల్లల్ని ఎక్కించుకోవడానికి ఇంకా టైముంది, ఈలోగా నిన్ను దుకాణం దగ్గర దించేసి వస్తానన్నాడు తమ్ముడు. హవల్దారు కాదనలేక ఖాళీ బస్సెక్కి, ముందు అన్ని సీట్లుండగా పోయి పోయి చివరి వరసలో కూర్చున్నాడు. తమ్ముడు మలుపు మలుపుకీ అద్దంలో ఆయన్ని చూస్తూనే ఉన్నాడు. దిగేటప్పుడు "పిల్ల నన్ను గుర్తుపడుతుందా?" అని అడిగాడు. హవల్దారు మెట్లు దిగడంలో మునిగిపోయి వినపడనట్టు నటించాడు.

ఆఫీసరమ్మ ఆఫీసు రెండో అంతస్తులో ఉంది. నడవలో ఒక బెంచీ, దానికి అటు కొసన అన్న, ఇటు కొసన తమ్ముడు, మధ్యలో కూతురు. ఇంట్లో ఉన్న పాత ఫోటోని బట్టి ఆమె బాబాయిని గుర్తుపట్టింది. "ఎంత లావయ్యావు బాబాయ్!" అని చెయ్యి పట్టుకుంది. తమ్ముడు ఆ చేతిని వదల్లేక, పట్టుకోలేక తంటాలు పడుతుంటే హవల్దారు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

ముందు తమ్ముణ్ణి పిలిచారు. దూదిపుల్ల తిప్పడానికి రెండు నిమిషాలు చాలన్నారు. కానీ ఎంతసేపటికీ తలుపు తెరుచుకోలేదు. ఒకసారి లోపల కుర్చీ జరిగిన చప్పుడైంది. ఒక గుమస్తా పరుగున లోపలికి వెళ్ళి, బయటికొచ్చి, ఇంకో గుమస్తాని వెంటబెట్టుకుని మళ్ళీ వెళ్ళాడు. చివరికి ఆఫీసరమ్మే బయటికొచ్చింది. ఆమె మొహంలో కోపమో అలసటో చెప్పడం కష్టం.

"మీ తమ్ముడు తనే చంపానంటున్నాడు. పరీక్షలేం అక్కర్లేదు, అన్నయ్యని పంపించెయ్యండి అంటున్నాడు."

కూతురు బెంచీ మీదనుంచి లేచింది. మళ్ళీ కూర్చుంది.

హవల్దారు గుండెల్లోంచి ఏదో దిగిపోయింది. సిగ్గు లేకుండా చెప్పాలంటే, అది తేలికే. ఇన్నేళ్ళు మోసిన మూటని, ఎవరిదో వాళ్ళే వచ్చి దించుకున్నట్టు. ఆయన లేచాడు. లోపలికెళ్ళి నోరు తెరిచి, దూదిపుల్ల తిప్పించుకుని వచ్చేశాడు. ఎవరెన్ని చెప్పినా పరీక్ష పరీక్షే, నాలుగైదు రోజుల్లో తెలుస్తుంది, అందాకా మీ తమ్ముడు మా దగ్గరే ఉంటాడు అంది ఆఫీసరమ్మ.

ఇంటికి వచ్చాక కూతురు చెప్పులు కూడా విప్పకుండా గోడకి ఆనుకుని నిలబడింది.

"బాబాయా?" అంది. "నాన్నా, బాబాయా?"

"నాకు తెలుసమ్మా."

"ఏం తెలుసు?"

"అప్పుడే తెలుసు. వాడు షెడ్డులో లేడు. నాతో ఉన్నానని చెప్పాడు. నేనూ అవునన్నాను."

చెప్పేశాక ఆయన ఎదురుచూసింది ఏడుపు. లేకపోతే, 'ఎంత బాధపడ్డావో నాన్నా' అన్న మాట. ఆమె ఆ రెండూ ఇవ్వలేదు.

"అంటే, చంపిందెవరని నేను రాత్రుళ్ళు అడిగేదాన్ని కదా నీ పక్కలో పడుకుని. ఎవరు నాన్నా, ఎందుకు నాన్నా అని. నీకు తెలిసి కూడా 'పడుకో' అన్నావు."

"వాడు నా తమ్ముడమ్మా."

"ఆవిడ నా అమ్మ" అంది కూతురు. ఆ తర్వాత ఆ ఇంట్లో మాటలు ఉప్పు అందుకో, తలుపు వేసుకో అన్నంతకి మించలేదు. ఆమె వేళకి వండింది. ఆయన ముందు పళ్ళెం పెట్టింది. ఎదురుగా మాత్రం కూర్చోలేదు. హవల్దారు దుకాణానికి వెళ్ళి ఒకే టార్పాలిన్ అంచుని కుట్టి విప్పి, మళ్ళీ కుట్టి, డ్రైవరు వచ్చి మొత్తుకుంటే చూపు కూడా చూడకుండా "రేపు ఇస్తా" అన్నాడు. ఆయన రేపు అనడం ఎవరూ ఎరగరు.

ఆఫీసు నుంచి ఫోన్ వచ్చినప్పుడు తండ్రీ కూతుళ్ళు ఒకే ఆటోలో, ఎవరి కిటికీ వైపు వాళ్ళు చూసుకుంటూ వెళ్ళారు.

ఆఫీసరమ్మ గదిలో తమ్ముడు అప్పటికే కూర్చుని ఉన్నాడు. గడ్డం మాసింది. అన్న లోపలికి రాగానే అలవాటు కొద్దీ లేచి నిలబడ్డాడు.

"మీ ఇద్దరిలో ఎవరిదీ కాదు" అంది ఆవిడ.

ఎవరికీ అర్థం కాలేదు. ఆవిడ మళ్ళీ చెప్పింది. "గోళ్ళ కింద ఉన్నది మీదీ కాదు, మీదీ కాదు. మీ రక్తసంబంధీకుడిదే కాదు."

తమ్ముడు అన్న వైపు తిరిగాడు. సరిగ్గా అప్పుడే అన్న తమ్ముడి వైపు తిరిగాడు. ఇద్దరి మొహాల్లోనూ ఒకే ఆశ్చర్యం ఉంది. ఎదుటివాడి మొహంలో ఆ ఆశ్చర్యం ఎందుకుందో మాత్రం ఇద్దరికీ తెలియలేదు.

"కూర్చోండి. నాకు ఒక సంగతి అంతుపట్టడం లేదు." ఆవిడ తమ్ముడి వంక చూసింది. "మీరు చంపలేదు. ఎలా చంపారో కూడా సరిగ్గా చెప్పలేకపోయారు. కానీ తర్వాత ఏం చేశారంటే, రెండు గ్లాసులు కడిగి, తుడిచి, బోర్లించానన్నారు. ఆ గ్లాసుల మాట ఈ కేసులో ఎవరూ ఎక్కడా చెప్పలేదు. వాటి సంగతి మీకెలా తెలుసు?"

తమ్ముడు తలొంచుకుని చొక్కా గుండీ తిప్పుతూ కూర్చున్నాడు.

"అవి కడిగింది నేను" అన్నాడు హవల్దారు. తమ్ముడి వైపు తిరిగాడు. "ఒరేయ్. నువ్వు చూశావా?"

"లారీ షెడ్డులో పెట్టేసి వచ్చాను. వదినకి సారీ చెప్దామని వచ్చాను, అంత విసురుగా లేచిపోయానని. వెనక తలుపు తీసే ఉంది. వదిన కింద పడుంది. నువ్వు అటు తిరిగి గ్లాసులు కడుగుతున్నావు. తీరిగ్గా, అన్నయ్యా. ఒకటి తుడిచి, వెలుతురుకి పెట్టి చూసుకుని మరీ బోర్లించావు." తమ్ముడు చొక్కా గుండీ వదిలేశాడు. "నేను చప్పుడు చెయ్యకుండా వెళ్ళిపోయాను. పొద్దున విచారణలో నువ్వెక్కడున్నావని అడుగుతారు, నీకు సాక్షి ఎవరూ లేరు. అందుకని నాతో ఉన్నావన్నాను."

"అది నీ గ్లాసురా. నీ గ్లాసని కడిగాను."

"నా గ్లాసా?"

"సామాను కట్టేశాం కదా. బయట ఉన్నవి రెండే. అందులో టీ తాగి ఉంది. నువ్వొచ్చావనుకున్నాను. కోపంలో ఏదో..."

"నేను ఊళ్ళోనే లేను అన్నయ్యా! టైరు మార్పించడానికి లారీ బయటికి తీసుకెళ్ళాను. సెంట్రీ గేటు తీశాడు. చీకటిపడే ముందు తిరిగొచ్చాను."

ఆఫీసరమ్మ వాళ్ళని మాట్లాడుకోనిచ్చింది. తర్వాత నెమ్మదిగా, ఒక్కొక్క మాటా వాళ్ళకి అందేలా చెప్పింది. ఆ డీఎన్‌ఏ క్వార్టర్ల స్టోర్ కీపరుది. బదిలీ మీద వెళ్ళేవాళ్ళ ఇళ్ళకొచ్చి మంచాలూ కుర్చీలూ సరిచూసుకునేవాడు. హవల్దారుకి ఆ మనిషి వెంటనే గుర్తొచ్చాడు. భార్య పోయాక, ఇనప పెట్టెలు లారీకెక్కిస్తుంటే ఒక పెట్టెకి రెండో కొస పట్టుకున్నది అతనే. "ధైర్యంగా ఉండండి" అని కూడా అన్నాడు. ఉన్న రెండు గ్లాసుల్లో పెద్దది ఇంటికొచ్చిన మనిషికి ఇచ్చి, చిన్నది తను తీసుకుని ఉంటుంది ఆవిడ. ఇంకేం చేస్తుంది?

"గేటు దగ్గరి సెంట్రీ ఆ రోజే అంతా చెప్పాడు" అంది ఆఫీసరమ్మ. "తమ్ముడి లారీ బయటికెళ్ళిందనీ, స్టోర్ కీపరు మధ్యాహ్నం క్వార్టర్ల వైపు వచ్చాడనీ. స్టోర్ కీపరు తను రాలేదన్నాడు. లారీ విషయంలో సెంట్రీ మాటకి మీ ఇద్దరి మాటా ఎదురొచ్చింది. అటు ఒక్కడు, ఇటు చనిపోయిన మనిషి భర్త, మరిది. లారీ గురించి అబద్ధం చెప్పినవాడు మిగతాదీ అబద్ధమే చెప్పాడనుకున్నారు. కాపలాలో నిద్రపోయి కథ అల్లాడని హోదా తగ్గించారు. అతను పోయి చాలా ఏళ్ళయింది."

"స్టోర్ కీపరు?" కూతురు అడిగింది.

"జైల్లో పోయాడు. మీ అమ్మ తర్వాత కొన్నేళ్ళకి, ఇంకోచోట, ఇంకో జవాను భార్యని ఇలాగే... అందులో దొరికాడు. ఆ కేసు సామాను మా దగ్గర ఉండబట్టే ఇప్పుడు పోల్చగలిగాం."

హవల్దారు తోలుపట్టా లేని తన అరచేతిని చూసుకుంటున్నాడు.

"ఒక్కసారి" అంది కూతురు. అరవలేదు. అరిస్తే బాగుండుననిపించింది ఆయనకి. "మీ ఇద్దర్లో ఒక్కరు, ఒక్కసారి, 'నువ్వేనా' అని అడిగుంటే సరిపోయేది."

"అడిగితే అవునంటాడేమోనని భయం వేసిందమ్మా" అన్నాడు హవల్దారు.

తమ్ముడు తల ఊపాడు. అతని భయమూ అదే.

కూతురు ఆఫీసరమ్మని ఆ రెండో ఆవిడ తరఫువాళ్ళు ఎక్కడుంటారని అడిగింది. తల్లి ఉందట, ఈ చుట్టుపక్కలే. ఆఫీసరమ్మ కాసేపు ఆలోచించింది. ఈ కేసు తేలిన సంగతి వాళ్ళకీ చెప్పాలి, ముందు ఆవిడకి ఫోన్ చేసి అడుగుతాను అంది. అడిగి, రమ్మందని చెప్పి, దారి చెప్పింది. తమ్ముణ్ణి కూడా పంపించేశారు. ముగ్గురూ మెట్లు దిగాక కూతురు ఆగింది.

"నేను రాను. అది మీ ఇద్దరూ చెప్పాల్సిన మాట."

"ఇంటికొస్తావా మళ్ళీ?" హవల్దారు అడిగాడు. అడగాల్సినవాటిని అడగడం ఆయనకి అప్పుడే కొత్తగా అలవాటవుతోంది.

"తెలీదు నాన్నా" అంది నిజాయితీగా. బాబాయి మాసిన కాలరు సరిచేసి, ఆటో ఎక్కి వెళ్ళిపోయింది.

ఆ ఇల్లు ఒక సందు చివర ఉంది. రెండు మెట్లు, చిన్న వరండా. ముసలావిడ వరండాలో కూర్చుని, తీగ మీదనుంచి తీసిన దిండు గలీబులు మోకాలి మీద పెట్టి చేత్తో సాపు చేస్తూ మడతపెడుతోంది. ఫోన్ వచ్చింది కాబట్టి ఎవరని అడగలేదు. కూర్చోమనీ అనలేదు.

తమ్ముడు నీళ్ళు నమిలాడు. హవల్దారే చెప్పాడు. నిలబడి, విచారణలో నిలబడ్డట్టే చేతులు పక్కలకి చేర్చి, మొదటినుంచీ చెప్పాడు. గ్లాసులు, షెడ్డు, సెంట్రీ. తన తప్పుని తగ్గించి చెప్పడానికి ఒకటి రెండు మాటలు నాలుక చివరిదాకా వచ్చాయి గానీ వాటిని మింగేశాడు. ఆవిడ మడత ఆపకుండా వింటోంది. స్టోర్ కీపరు పేరెత్తినప్పుడు మాత్రం చెయ్యి ఆగింది.

అంతా అయ్యాక ఆవిడ అడిగింది.

"అంటే, ఆ రోజు మీరు ఉన్నదున్నట్టు చెప్పుంటే మా అమ్మాయి బతికుండేదా?"

"అది ఎవరం చెప్పగలమమ్మా..." అని మొదలెట్టాడు తమ్ముడు, ఆవిడ మీద జాలితోనో అన్న మీద జాలితోనో.

"బతికుండేది" అన్నాడు హవల్దారు. "వాణ్ణి అప్పుడే పట్టుకునేవాళ్ళు. మీ అమ్మాయి బతికుండేదమ్మా."

ఆవిడ చేతిలో గలీబు మడత పూర్తి చేసింది. తిడుతుందేమోనని, వెళ్ళిపొమ్మంటుందేమోనని ఇద్దరూ ఎదురుచూశారు. రెండిట్లో ఏది అన్నా పడి ఉండేవాళ్ళు.

"మా అల్లుడు" అంది చివరికి. "ఆ రోజు సెలవు పెట్టరా అంటే పెట్టలేదు. దాన్ని ఒంటరిగా వదిలి డ్యూటీకి పోయాడు. వాడి వల్లే పోయిందని ఇన్నేళ్ళూ అనుకున్నాను. మొహమ్మీదే అన్నాను. మళ్ళీ పెళ్ళి కూడా చేసుకోలేదు వెధవ. వారం వారం మందులు తెచ్చి అక్కడ పెట్టి పోతాడు. నేను తలెత్తి చూసేదాన్ని కాదు."

మడతపెట్టిన గలీబుని విప్పింది. మళ్ళీ మడతపెట్టింది.

"వాడి తప్పు కాదని నేను చెప్తే నమ్మడు. ముసల్దానికి మతి చలించిందనుకుంటాడు. ఇందాక నాకు చెప్పినట్టే, ఒక్క మాట పొల్లుపోకుండా వాడికి చెప్పండి. సాయంత్రం డ్యూటీ దిగి వస్తాడు."

సాయంత్రానికి ఇంకా చాలా పొద్దుంది. ఆవిడ గలీబుల దొంతర ఎత్తుకుని లోపలికి వెళ్ళిపోయింది. తలుపు వెయ్యలేదు. తమ్ముడు ఏం చేద్దామన్నట్టు అన్న మొహంలోకి చూశాడు. హవల్దారు పై మెట్టు మీద కూర్చుని, కొంచెం పక్కకి జరిగి, తమ్ముడికి చోటిచ్చాడు.